తోబుట్టువుతో వియత్నాం బస్సు యాత్ర: హనోయి నుంచి హో చి మిన్ సిటీ వరకు సమగ్ర మార్గదర్శి

పటంలో చూస్తే వియత్నాం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఉత్తరాన హనోయి నుంచి దక్షిణాన హో చి మిన్ సిటీ వరకు రోడ్డు మార్గం సుమారు 1,700 కిలోమీటర్లు. చూడదగిన ఊళ్లలో చాలా వరకు ఆ దారిలోనే ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. వెళ్లిన దారిన వెనక్కి రానక్కరలేదు కాబట్టి, వీపున ఒక బ్యాగు తగిలించుకొని ఊరికో బస్సు మారుతూ దేశమంతా చూసి రావడానికి ఇది చాలా అనువైన దేశం. అక్కతోనో తమ్ముడితోనో, అన్నతోనో చెల్లెలితోనో కలిసి ఆ ప్రయాణం చేయదలచినవారిని దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

స్నేహితులతో బయలుదేరేటప్పుడు డబ్బు ఎలా పంచుకోవాలో, ఎవరు ఎన్నింటికి లేస్తారో మొహమాటం కొద్దీ అయినా ముందే మాట్లాడుకుంటాం. తోడబుట్టినవారితో ఆ అవసరం ఉన్నట్టే తోచదు, ‘మనవాళ్లమే కదా’ అని బయలుదేరిపోతాం. తీరా తెల్లవారుజామున నిద్ర చాలని కళ్లతో బస్సు దిగి, ఆటో వంటిదేదీ కనబడని కూడలిలో నిలబడినప్పుడు చిన్ననాటి అలవాట్లన్నీ బయటపడతాయి. పెద్దవారు అడగకుండానే నిర్ణయించేస్తారు, చిన్నవారు మారు మాట్లాడకుండా మూతి ముడుచుకుంటారు. ఇలాంటి యాత్రలో వచ్చే తగాదాల్లో ముప్పాతిక వంతు అలసట వల్ల పుట్టేవేనని నా అభిప్రాయం. అందుకే, అలసి ఉన్న వేళ ఇద్దరిలో ఎవరూ ఏదీ తేల్చవలసిన అవసరం రాకుండా బస్సులనూ బసలనూ డబ్బునూ ముందే అమర్చుకోవాలి. ఈ కింది దశలన్నీ ఆ దృష్టితో కూర్చినవే.

మొదటి దశ: కాలం, రోజుల లెక్క

దేశం పొడవు వల్ల ఒకే నెలలో మూడు రకాల వాతావరణం ఎదురవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు హనోయిలో చలి, మబ్బు, సన్నని తుంపర ఉంటాయి. మధ్య ప్రాంతంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు భారీ వానలు కురుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో నది పొంగి హోయ్ ఆన్ పాత వీధులు నీట మునగడం అక్కడివారికి కొత్త కాదు. దక్షిణాన మే నుంచి అక్టోబరు చివరి దాకా వానాకాలం. మూడు ప్రాంతాలూ ఒకే ప్రయాణంలో పొడిగా దొరకాలంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మూడో వారం వరకు ఉన్న కాలాన్ని మించినది లేదు.

ఇక్కడ సెలవుల సంగతి గుర్తుంచుకోవాలి. టెట్ అనే చాంద్రమాన సంవత్సరాది జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు ఏదో ఒక రోజున వస్తుంది. 2027లో అది ఫిబ్రవరి 6న పడుతోంది. దానికి ముందూ వెనుకా వారం పది రోజులు దేశమంతా సొంత ఊళ్లకు ప్రయాణిస్తుంది కాబట్టి బస్సుల్లో చోటు దొరకదు, ఛార్జీలు పెరుగుతాయి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఏప్రిల్ 30, మే 1, సెప్టెంబరు 2 తేదీల చుట్టూ కూడా రద్దీ ఇలాగే ఉంటుంది.

మొత్తం దారికి మూడు వారాలు ఉంటే హాయిగా సాగుతుంది, 18 రోజుల కన్నా తక్కువైతే పరుగు తప్పదు. ఇద్దరిలో ఒకరికి పది రోజుల సెలవే దొరికితే దేశం మొత్తాన్ని అందులో కుక్కే ప్రయత్నం చేయవద్దు. హనోయి నుంచి హోయ్ ఆన్ వరకు ఉన్న సగాన్నే తీసుకొని, పక్కనే ఉన్న డా నాంగ్ నుంచి విమానం ఎక్కడం మేలు.

రెండో దశ: వీసా, పత్రాలు

2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం అన్ని దేశాల పౌరులకూ ఈ-వీసా ఇస్తోంది. గరిష్ఠ గడువు 90 రోజులు. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు రుసుము. వీసా నిరాకరించినా అది తిరిగి రాదు. దరఖాస్తును ప్రభుత్వ సైటులోనే చేయాలి. అచ్చం దానిలాగే కనిపిస్తూ రెండింతలు, మూడింతలు వసూలు చేసే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి చిరునామా చివర వియత్నాం ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూసుకున్న తరువాతే కార్డు వివరాలు ఇవ్వాలి.

ఇద్దరి దరఖాస్తులూ వేర్వేరుగా నడుస్తాయి, ఒకే రోజు వేసినా ఒకే రోజు రావాలని లేదు. రెండూ చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోలేని టికెట్లు కొనవద్దు. పాస్‌పోర్టు పుట అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో పేరు ఏ క్రమంలో ఉందో అదే క్రమంలో నింపాలి. ఇంటిపేర్లు పొడుగ్గా ఉండే మనవాళ్ల దరఖాస్తుల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. అందుకని అక్క నింపినది తమ్ముడు, తమ్ముడు నింపినది అక్క అక్షరం అక్షరం సరిచూడాలి. దారిలో లావోస్‌లోకి వెళ్లి రావాలన్న ఆలోచన ఏ కొంచెం ఉన్నా పలుమార్లు ప్రవేశించే వీసాయే తీసుకోవాలి, ఎందుకంటే ఒక్కసారి వీసా సరిహద్దు దాటిన క్షణంలో ముగిసిపోతుంది.

పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రాల కాగితపు నకళ్లు ఇద్దరూ ఇద్దరివీ ఉంచుకోవాలి. అంటే మీ అసలు పత్రాలు మీ దగ్గర, మీ నకళ్లు తోబుట్టువు బ్యాగులో ఉండాలి. ఒక బ్యాగు పోయినా పని ఆగదు.

మూడో దశ: బయలుదేరక ముందు కాగితం మీద పెట్టవలసిన మాటలు

కాగితం మీద అన్న మాట చదివి నవ్వుకునేవారుంటారు. అయినా ఒక పుట రాసి ఇద్దరూ ఫోనులో ఉంచుకోవడం వల్ల కలిగే లాభం దారిలోనే తెలుస్తుంది. ‘నేనలా అనలేదు’ అన్న మాట అక్కడ చెల్లదు. ఆ పుటలో ముఖ్యంగా నాలుగు సంగతులు ఉండాలి.

మొదటిది, రోజు పెత్తనం. ఒక రోజు ఒకరు, మర్నాడు మరొకరు దారి చూపాలి. ఆ రోజు ఎక్కడ తినాలి, ఎటు తిరగాలి, బస్సుకు ఎన్నింటికి బయలుదేరాలి అన్నది వంతు ఉన్నవారే చెప్పాలి, రెండోవారు ఆరోగ్యమో భద్రతో అడ్డం వస్తే తప్ప కాదనకూడదు. పెద్దవారికి ఇది కష్టంగానే ఉంటుంది. చిన్నవారు మార్గం తప్పితే ఆనందించకుండా ఉండడం ఇంకా కష్టం.

రెండోది, విడిగా గడిపే సమయం. రోజుకు రెండు మూడు గంటలు ఎవరి దారిన వారు తిరగడాన్ని అలకగా భావించకూడదు. హోయ్ ఆన్‌లో సాయంత్రం ‘అక్కా, ఈ పూట నేనొక్కణ్నే తిరిగొస్తాను’ అని తమ్ముడంటే, ‘సరేరా, ఏడున్నరకి జపాన్ వంతెన దగ్గరుండు’ అని అక్క చెప్పగలిగితే చాలు, కారణం అడగక్కరలేదు. కలుసుకునే చోటు మాత్రం ఫోను లేకపోయినా పోల్చుకోగలిగేదై ఉండాలి. చెప్పిన వేళకు అరగంట దాటితే ఇద్దరూ బసకే తిరిగి వెళ్లాలన్న నియమం కూడా ముందే ఉండాలి.

మూడోది, ఇంటికి చేసే ఫోను. ఇద్దరూ వేర్వేరుగా మాట్లాడి వేర్వేరు సంగతులు చెబితే అమ్మానాన్నలు కంగారు పడతారు, ఆ కంగారు తిరిగి మీ మీదికే వస్తుంది. రోజుకు ఒకసారి ఇద్దరూ కలిసి మాట్లాడండి. రాత్రి బస్సు ఉన్న రోజు బస్సు వివరాలు పంపి, ‘ఉదయం దాకా ఫోను ఎత్తం’ అని ముందే చెప్పండి. వియత్నాం గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది.

నాలుగోది, దిగిన పూట నియమం. రాత్రి బస్సు దిగిన తరువాత స్నానం, తిండి, ఒక కునుకు అయ్యేదాకా తరువాతి ఊరి గురించి గానీ ఖర్చుల గురించి గానీ ఎవరూ ఎత్తకూడదు. ఈ నాలుగింటిలో ఒక్కటే పాటించగలమనుకుంటే దీన్నే పాటించమంటాను.

నాలుగో దశ: దారి గీసుకోవడం

ఉత్తరం నుంచి దక్షిణానికి రావడం నాకు మెరుగనిపిస్తుంది. దానికి కారణం మొదటి మజిలీయే. హనోయి నుంచి నిన్ బిన్ సుమారు 95 కిలోమీటర్లు, రెండు గంటల లోపు ప్రయాణం, బస దగ్గరికే వచ్చి ఎక్కించుకునే చిన్న వ్యాన్లు ఉన్నాయి. బ్యాగు బరువు ఎంతో, ఇద్దరిలో ఎవరికి బస్సు పడదో, ఎవరు ఆఖరి నిమిషంలో సామాను సర్దుతారో ఈ చిన్న ప్రయాణంలోనే తేలిపోతుంది. సున్నపురాతి కొండల మధ్య పడవలో తిరిగే చాంగ్ ఆన్ అక్కడే ఉంది. 2014లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

నిన్ బిన్ నుంచి ఫోంగ్ నా గుహలకు రాత్రి బస్సు. ఇది ఎనిమిది గంటల లోపు ప్రయాణం కాబట్టి బస్సు తెల్లవారకముందే, నాలుగైదు గంటలకే దింపేస్తుంది. ఆ రోజుకు బసలో ముందు రాత్రి గదికి కూడా డబ్బు కట్టి ఉంచుకోవడం దుబారా అనిపించవచ్చు గానీ, ఇద్దరు అలసిన మనుషులు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోవడం కన్నా అది చౌకే. అది నచ్చకపోతే పగటి బస్సు చూసుకోండి. అక్కడి ఫోంగ్ నా గుహకు పడవలో వెళ్తారు, పడవ కిరాయి పడవ మొత్తానికి ఉంటుంది గనుక రేవు దగ్గర మరికొందరితో కలిస్తే ఖర్చు తగ్గుతుంది.

ఫోంగ్ నా నుంచి హ్యూ నాలుగైదు గంటలు, పగటి బస్సు. ఒకప్పుడు దేశాన్ని రెండుగా చీల్చిన 17వ అక్షాంశం దగ్గరి బెన్ హాయ్ నదిని ఈ దారిలోనే దాటుతారు. హ్యూ నుంచి డా నాంగ్‌కు సుమారు వంద కిలోమీటర్లు. ఈ ఒక్క ముక్కకు బస్సును వదిలి రైలు ఎక్కమని నా సలహా. హాయ్ వాన్ కనుమ గురించి విని సముద్రం కనిపిస్తుందని ఆశపడి బస్సు ఎక్కేవారు చాలామంది ఉంటారు. 2005లో తెరిచిన, ఆరు కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగంలోంచి పెద్ద బస్సులు వెళ్లిపోతాయి కాబట్టి వారికి కనిపించేది గోడలే. రైలు మాత్రం కొండ అంచున, సముద్రాన్ని ఆనుకొని పోతుంది. దక్షిణం వైపు వెళ్తుంటే ఎడమ వైపు కిటికీ తీసుకోవాలి. డా నాంగ్ నుంచి హోయ్ ఆన్ 30 కిలోమీటర్లు, అక్కడికి రైలు లేదు.

హోయ్ ఆన్ నుంచి న్యా చాంగ్ 500 కిలోమీటర్లకు పైనే, పది పన్నెండు గంటలు పడుతుంది. అందరూ రాత్రి బస్సులో ఒక్క ఊపున వెళ్లిపోతారు. మీకు రోజులుంటే మధ్యలో క్వి న్యోన్‌లో రెండు రాత్రులు ఆగండి. విదేశీ సందడి తక్కువగా ఉండే సముద్రతీర పట్టణం అది, వరసగా రెండు వారాలు ఒకే గదిలో ఉన్న ఇద్దరికీ కొంత గాలి ఆడుతుంది. న్యా చాంగ్ నుంచి డా లాట్ దాదాపు నాలుగు గంటల ఘాటు రోడ్డు. సముద్ర మట్టం నుంచి 1,500 మీటర్ల ఎత్తుకు ఎక్కుతారు, మలుపులు ఎక్కువ, వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి మూతపడుతుంది కూడా. ఈ ముక్క పగలే చేయాలి. డా లాట్ నుంచి హో చి మిన్ సిటీ సుమారు 300 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు.

మొత్తం మీద వరసగా రెండు రాత్రులు బస్సులో పడకూడదు. ఒక రాత్రి బస్సుకూ మరో రాత్రి బస్సుకూ మధ్య కనీసం రెండు రాత్రులు మంచం మీద నిద్ర ఉండాలి.

పటాలూ యాప్‌లూ చూసేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. 2025 జులై 1న వియత్నాం 63 రాష్ట్ర స్థాయి విభాగాలను 34కు కుదించింది. హోయ్ ఆన్ ఇప్పుడు డా నాంగ్ నగర పరిధిలోకి వచ్చింది, క్వి న్యోన్ జియా లాయ్‌లో కలిసింది. కొన్ని టికెట్ల మీద పాత పేరు, కొన్నింటి మీద కొత్త పేరు ఉంటుంది. రాష్ట్రం పేరును బట్టి తప్పు బస్సు అనుకోకుండా, దిగే చోటు చిరునామాను పటంలో పెట్టి చూసుకోవాలి.

ఐదో దశ: టికెట్లు

టికెట్టు మూడు చోట్ల దొరుకుతుంది: బస్ స్టేషను కిటికీలో, యాప్‌లో, మీరు దిగిన బస కౌంటరులో. స్టేషను కిటికీలో మధ్యవర్తి రుసుము ఉండదు గానీ భాష అడ్డు. యాప్‌లో బెర్తు బొమ్మ చూసి ఎంచుకోవచ్చు. బస కౌంటరులో కొంచెం ఎక్కువ పడుతుంది, అయితే అందులో ఒక సౌకర్యం ఉంది. బస్సు వాళ్లు ఎక్కించుకోవడానికి వచ్చే ముందు వియత్నామీస్‌లో ఫోను చేస్తారు. ఆ ఫోను మీకు రాకుండా బసలోని ఉద్యోగికి వెళ్తుంది. యాప్‌లో కొన్నప్పుడు కూడా ఆ వేళకు ఫోనును బసలో ఎవరి చేతికైనా ఇచ్చి మాట్లాడించండి.

పేరున్న బస్సు కంపెనీల పేర్లను ఒక్క అక్షరం తేడాతో పెట్టుకున్న దుకాణాలు పర్యాటక వీధుల్లో కనిపిస్తాయి. పేరు కాకుండా చిరునామా సరిపోల్చాలి. స్టేషను బయట ‘ఆ బస్సు నిండిపోయింది, నా బస్సు ఎక్కండి’ అనేవారికి ఆగకుండా నేరుగా లోపలి కిటికీకి నడవాలి.

హనోయిలో బస్ స్టేషన్లు ఒకటి కాదు. దక్షిణానికి వెళ్లే బస్సులు సాధారణంగా జాప్ బాత్, న్వోక్ న్గమ్ స్టేషన్ల నుంచి బయలుదేరతాయి. హో చి మిన్ సిటీలో మియెన్ డోంగ్ పేరుతోనే రెండు ఉన్నాయి. 2020లో తెరిచిన కొత్తది నగరం అంచున థు డక్ వైపు, పాతదానికి చాలా దూరంలో ఉంది. టికెట్టు మీద ఏది రాసి ఉందో ఇద్దరూ చదవాలి. వేళలు 24 గంటల పద్ధతిలో ఉంటాయి. అర్ధరాత్రి దాటాక 00:30కి బయలుదేరే బస్సు దగ్గర తేదీ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. శనివారం రాత్రి భోంచేసి ఎక్కే ఆ బస్సుకు టికెట్టు ఆదివారం తేదీతో ఉండాలి.

ఆరో దశ: రాత్రి బస్సులో

మామూలు స్లీపరు బస్సులో మూడు వరుసలు, రెండు అంతస్తులు ఉంటాయి. రెండు కిటికీల పక్కన ఒక్కో వరుస, మధ్యలో మరో వరుస, వాటి నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉంటుంది. బెర్తు పూర్తిగా పరుపులా ఉండదు. వెనక్కి వాల్చిన కుర్చీలా ఉండి, కాళ్లు ముందువారి తల కింది పెట్టెలోకి దూరుతాయి. ఆరడుగుల తమ్ముడికి ఆ పెట్టెలో మోకాళ్లు చాచడం కుదరదు. అటువంటివారు తక్కువ బెర్తులు, తెర లేదా తలుపు ఉండే క్యాబిన్ బస్సుకు ఎక్కువ పెట్టడం మంచిది. మామూలు స్లీపరులో హనోయి నుంచి హ్యూ వంటి దూరానికి మూడు నాలుగు లక్షల డాంగ్‌ల చుట్టూ ఉంటుంది, క్యాబిన్ బస్సుకు అంతకు మించి అవుతుంది.

చాలా కంపెనీల్లో బెర్తు నంబరులో ఏ అక్షరం కింది అంతస్తును, బీ అక్షరం పై అంతస్తును సూచిస్తాయి. కింది అంతస్తులో ఊపు తక్కువ. చిట్టచివరి వరుసలో బెర్తులు సందు లేకుండా ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి, కుదుపూ ఎక్కువే, పక్కన అపరిచితులు పడుకోవచ్చు. అందువల్ల అక్కయినా తమ్ముడైనా ఆ వరుసకు ఒప్పుకోవద్దు. పక్కపక్క బెర్తుల కన్నా ఒకే వైపు కిటికీ దగ్గర ముందొకరు వెనకొకరు ఉండేలా తీసుకుంటే ఇద్దరికీ కిటికీ దొరుకుతుంది, చేయి చాస్తే అందుతారు, ముఖాలు మాత్రం కనబడవు. రోజంతా కలిసి తిరిగాక ఆ మాత్రం మరుగు ఇద్దరికీ కావాలి.

బస్సు మెట్టు మీదే చెప్పులు విప్పాలి. కండక్టరు ఒక ప్లాస్టిక్ సంచి ఇస్తాడు, చెప్పులు అందులో వేసి మీ బెర్తు దగ్గరే పెట్టుకోవాలి. లేసులు కట్టే బూట్లు ఆ ఇరుకులో ఒక శిక్ష. దారిలో బస్సు ఆగినప్పుడు మీ చెప్పులు తీయక్కరలేదు. తలుపు దగ్గర బుట్టలో అందరికీ కలిపి ఉంచిన రబ్బరు చెప్పులుంటాయి, ఏ జత దొరికితే అది తొడుక్కొని దిగడమే. చాలాసార్లు రెండూ ఎడమ కాలివే చేతికి వస్తాయి.

2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్న రోడ్డు చట్టం ప్రకారం డ్రైవరు వరసగా నాలుగు గంటలకు మించి నడపకూడదు. అందుచేత మూడు నాలుగు గంటలకు ఒకసారి ఆగుతుందని లెక్క వేసుకోవచ్చు. ఎక్కువ బస్సుల్లో మరుగుదొడ్డి ఉండదు. ఎక్కే ముందు గంట నుంచి నీళ్లు తగ్గించుకోవాలి. నెలసరి రోజులతో రాత్రి బస్సు కలిసి వస్తే అక్క మాట ప్రకారం తేదీ మార్చడానికి వీలుండేలా టికెట్టును ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే కొనాలి. ఆగిన చోట పది బస్సులు ఒకే రంగులో నిలబడి ఉంటాయి. దిగగానే వెనక్కి తిరిగి నంబరు ప్లేటు ఫొటో తీయండి; అద్దె వాహనాలకు పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. ఇద్దరిలో ఒకరు నిద్రపోతుంటే రెండోవారు దిగే ముందు భుజం తట్టి చెప్పాలి. నిద్ర చెడుతుందన్న జాలి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మిగిలిపోయినవారి కోసం బస్సును ఆపించగలిగేది లోపల ఉన్న తోబుట్టువు ఒక్కరే.

పెద్ద బ్యాగులు కింది అరలోకి వెళ్తాయి. చీటీ ఇస్తే ఉంచుకోండి, ఇవ్వకపోతే బ్యాగును ఏ తలుపులో పెట్టారో ఫొటో తీసుకోండి. పాస్‌పోర్టు, డబ్బు, మందులు, ఛార్జరు ఉన్న చిన్న సంచి మాత్రం బెర్తులో మీ ఒంటికి ఆని ఉండాలి. ఏసీ చలి గట్టిగా ఉంటుంది, బస్సులో ఇచ్చే దుప్పటి పలచనిది; ఒక పూర్తి చేతుల స్వెట్టరు చిన్న సంచిలోనే పెట్టుకోండి. ఘాటు రోడ్లకు వాంతి మాత్ర బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. బెల్టు ఉంటే పడుకున్నా పెట్టుకోవాల్సిందే.

ఏడో దశ: దిగిన తరువాత

బస్సు ఎప్పుడూ ఊరి మధ్యలోనే దింపుతుందని అనుకోవద్దు. దక్షిణానికి పోయే బస్సులు కొన్ని జాతీయ రహదారి పక్కనే మిమ్మల్ని దింపి వెళ్లిపోతాయి. ఎక్కేటప్పుడే బస చిరునామాను వియత్నామీస్ అక్షరాల్లో కండక్టరుకు చూపించి, స్టేషను నుంచి కంపెనీ ఉచిత వ్యాన్ ఉందా అని అడగండి. పెద్ద కంపెనీలు చాలా వాటికి ఆ ఏర్పాటు ఉంది. లేకపోతే గ్రాబ్ యాప్. అందులో బైకు మీద ఒక్కరినే ఎక్కించుకుంటారు, ఇద్దరికి రెండు బైకులు పిలిస్తే ఖర్చు కారుకు దగ్గరగా వస్తుంది, పైగా చెరో దారిన పోయి చెరో చోట దిగే అవకాశం ఉంది. బ్యాగులతో ఉన్నప్పుడు కారే నయం.

గది తీసుకునేటప్పుడు రెండు మంచాలు ఉన్నది కావాలని స్పష్టంగా అడగాలి. యాప్‌లు ఇద్దరు మనుషులనగానే ఒకే పెద్ద మంచం ఉన్న గదిని ముందు చూపిస్తాయి. బసలో పాస్‌పోర్టు అడిగి మీ వివరాలను పోలీసుల దగ్గర నమోదు చేయడం అక్కడి నియమం. నమోదు కాగానే తిరిగి తీసుకోండి.

శాకాహారులకు ‘చాయ్’ (chay, అంటే శాకాహారం) అని రాసిన భోజనశాలలు దాదాపు ప్రతి పట్టణంలో ఉంటాయి. బౌద్ధ సంప్రదాయం బలంగా ఉన్న హ్యూలో ఎక్కువ, చాంద్రమాన నెలలో మొదటి, పదిహేనో రోజుల్లో మరీ ఎక్కువ. మామూలు హోటల్లో మాంసం వద్దన్నా చేపలను పులియబెట్టి తీసిన సాస్ వంటలో పడే ఉంటుంది.

ఎనిమిదో దశ: డబ్బు

వియత్నాం డాంగ్‌లో సున్నాలు ఎక్కువ. 2025లో ఒక డాలరుకు 26 వేల డాంగ్‌ల చుట్టూ ఉంది. ధరల పట్టికలో అంకె పక్కన కె అక్షరం ఉంటే వేలు అని అర్థం. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగా ఉంటాయి, వీధి దీపం వెలుగులో ఇద్దరికీ ఒకేలా కనిపిస్తాయి. వీటిని ఒకే అరలో ఉంచవద్దు. డాలర్లు తీసుకెళ్తే మరకలూ మడతలూ లేని నోట్లు ఉండాలి. బ్యాంకులోగానీ అనుమతి పత్రం ఉన్న మారకపు దుకాణంలోగానీ మార్చాలి. 5,000 డాలర్లకు మించిన నగదుకు కస్టమ్స్‌లో ప్రకటన ఇవ్వాలి.

తోబుట్టువుల మధ్య డబ్బు కోసం ఉమ్మడి పర్సు ఒకటి పెట్టుకోవడమే నాకు తెలిసిన తేలిక పద్ధతి. వారానికి ఒకసారి ఇద్దరూ సమానంగా వేస్తారు; బస్సు, గది, కలిసి తిన్న భోజనం, ప్రవేశ రుసుములు అందులోంచి పోతాయి. కాఫీ, బట్టలు, ఒక్కరే చేసే సరదాలు ఎవరి జేబు వారిది. ఆ రోజు పెత్తనం ఎవరిదో పర్సు వారి దగ్గర ఉంటుంది. సంపాదిస్తున్న అక్క చదువుకుంటున్న తమ్ముడి వంతు తానే భరించదలిస్తే ఆ సంగతి బయలుదేరక ముందే తేలాలి, మొత్తాన్ని ఒకేసారి అతని చేతిలో పెట్టాలి. రోజూ లెక్క దగ్గర ‘నేనిస్తాలే’ అనడం ఇచ్చేవారికి గొప్పగా ఉంటుంది గానీ పుచ్చుకునేవారికి ప్రతి పూటా కాస్త తగ్గినట్టుంటుంది. చెరో కార్డు, చెరో సిమ్ తప్పనిసరి. కార్డులు రెండూ ఒకే సంచిలో ఉండకూడదు.

తొమ్మిదో దశ: బైకు మోజు, అనారోగ్యం, అపాయం

దారిలో ఎవరో ఒకరికి, సాధారణంగా చిన్నవారికి, హాయ్ వాన్ కనుమను బైకు మీద దాటాలన్న కోరిక పుడుతుంది. అద్దెకిచ్చేవారు లైసెన్సు అడగరు. అయితే భారత్ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఉన్నది, వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌ను. అంటే చట్టం దృష్టిలో మీకు లైసెన్సు లేనట్టే, ప్రమాదం జరిగితే బీమా కూడా చెల్లకపోవచ్చు. స్థానిక చోదకుడి వెనక కూర్చొని అదే దారిని చూపించే ఏర్పాటు హ్యూలోనూ హోయ్ ఆన్‌లోనూ సులభంగా దొరుకుతుంది. ఇద్దరికి రెండు బైకులు, బ్యాగులతో సహా తీసుకెళ్తారు.

ఒకరికి జ్వరమో విరేచనాలో పట్టుకుంటే ఆ రాత్రి బస్సు వదులుకోవాలి. టికెట్టు డబ్బు పోతుందన్న మాటను రోగి ముందు ఎత్తవద్దు. పోలీసుకు 113, అగ్నిమాపక దళానికి 114, అంబులెన్సుకు 115. ఈ అంకెలు ఇద్దరి ఫోనుల్లోనూ ఉండాలి. అవతలివారికి ఇంగ్లీషు రాకపోవచ్చు కాబట్టి బసలోని మనిషిని కలుపుకొనే ఫోను చేయాలి.

చివరి దశ: హో చి మిన్ సిటీలో ముగింపు

తిరుగు విమానానికి ముందు రోజు రాత్రి బస్సు పెట్టుకోవద్దు. డా లాట్ నుంచి వచ్చే దారిలో వాన, మరమ్మతులు, నగర ప్రవేశంలో రద్దీ వల్ల రెండు మూడు గంటలు ఆలస్యం కావడం మామూలే; కనీసం రెండు రాత్రులు నగరంలో ఉండేలా చూసుకోండి. రోజు మిగిలితే మియెన్ తాయ్ స్టేషను నుంచి కాన్ థో సుమారు 170 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపు. మెకాంగ్ నది డెల్టాలో తెల్లవారుజామున పడవల మీద జరిగే తేలే సంతకు ఒక రాత్రి అక్కడ ఉండాలి.

మిగిలిన డాంగ్‌లను దేశం దాటక ముందే మార్చుకోవాలి, బయట వాటిని తీసుకునేవారు తక్కువ. ఉమ్మడి పర్సు లెక్క విమానాశ్రయం వరుసలో కాకుండా ఆఖరి రాత్రి భోజనం అయ్యాక తేల్చి, మిగిలినది అక్కడే చెరిసగం చేసుకోండి. వీసాలో చూపిన ఆఖరి తేదీని ఇద్దరూ మరోసారి చూసుకోవాలి. గడువు దాటితే ఒక్కొక్కరికి విడిగా జరిమానా పడుతుంది, అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానమైతే ఇమిగ్రేషన్ ముద్ర ఏ తేదీన పడుతుందో ముందే లెక్క వేసుకొని విమానాశ్రయానికి చేరాలి.